గుండె పక్కన గడ్డకు తొందర పనికిరాదు

2006లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం వైద్యులు ఒక పరిశోధన ఫలితాలు ప్రచురించారు. ఊపిరితిత్తుల కేన్సర్ తొలిదశలోనే బయటపడినా, గుండెజబ్బు వల్లనో ఊపిరి బలం చాలకనో ఆపరేషన్‌కు తట్టుకోలేని 70 మందికి వాళ్లు చేసిన చికిత్స అది. అప్పటిదాకా అలాంటివాళ్లకు ఆరు వారాలపాటు రోజూ కొంచెం కొంచెంగా రేడియేషన్ ఇచ్చేవారు. ఈ బృందం మూడే సిట్టింగుల్లో ముగించింది. చిన్న గడ్డకు 60 గ్రేలు, పెద్ద గడ్డకు 66 గ్రేలు. కిలో కణజాలంలోకి ఒక జౌల్ శక్తి ఇంకితే ఒక గ్రే. రెండేళ్ల తర్వాత లెక్క చూస్తే నూటికి 95 మందిలో కేన్సర్ ఆ గడ్డ ఉన్నచోట మళ్లీ తలెత్తలేదు. ఆపరేషన్ లేకుండా అంతటి ఫలితం రావడం అప్పటికి పెద్ద వార్తే.

అదే వ్యాసంలో ఇంకో లెక్క కూడా ఉంది. గడ్డ ఊపిరితిత్తి అంచున ఉన్నవాళ్లలో 83 శాతం మంది రెండేళ్లపాటు తీవ్రమైన దుష్ప్రభావం ఏదీ లేకుండా గడిపారు. గడ్డ నడుమ ఉన్నవాళ్లలో, అంటే గుండెకీ ప్రధాన శ్వాసనాళాలకీ దగ్గరగా ఉన్నవాళ్లలో, అలా గడిపినవాళ్లు 54 శాతమే. చికిత్స వల్లే జరిగి ఉండవచ్చని వైద్యులు అనుమానించిన మరణాలు ఆరు. యంత్రం ఒకటే, వైద్యులు వాళ్లే, మోతాదూ అదే. మారిందల్లా గడ్డ కూర్చున్న చోటు.

అప్పటినుంచి ప్రధాన శ్వాసనాళాల చుట్టూ రెండు సెంటీమీటర్ల మేరను రేడియేషన్ వైద్యులు ‘నో ఫ్లై జోన్’ అనడం మొదలుపెట్టారు. ఆ మేరలో మూడు సిట్టింగుల చికిత్స పెట్టకూడదని దాని అర్థం. 2009లో అదే బృందం అదే రోగుల తర్వాతి సంగతులు ప్రకటించింది. తీవ్ర దుష్ప్రభావాలు అంచు గడ్డలవాళ్లలో 10.4 శాతం, నడిమి గడ్డలవాళ్లలో 27.3 శాతం. తేడా మొదట కనిపించినంత లేదు, గణాంకశాస్త్రం ఒప్పుకునే గీతను దాటనూ లేదు. అలాగని ధైర్యం చెప్పుకోదగ్గ అంకె కూడా కాదది. నడిమి గడ్డ ఉన్న ప్రతి నలుగురిలో ఒకరికి పైగా తీవ్రమైన దెబ్బ తగిలినట్టే కదా.

ఈ చికిత్సను వైద్యులు ఎస్‌బీఆర్‌టీ అంటారు. జనం కరెంటు పెట్టడం అని పిలుచుకునే రేడియేషన్‌లోనే ఇదొక పద్ధతి. ఎన్నో దిక్కుల నుంచి సన్నటి కిరణాలను పంపి, అవన్నీ గడ్డ దగ్గర కలుసుకునేలా చేస్తారు. ఒక్కో కిరణం దారిలో చేసే హాని తక్కువ, కలిసిన చోట దెబ్బ గట్టిది. మూలం స్వీడన్‌లో ఉంది. లార్స్ లెక్సెల్ అనే మెదడు శస్త్రవైద్యుడు 1951లో తల కోసం ఊహించిన పద్ధతిని, అదే దేశంలోని కరోలిన్‌స్కా సంస్థలో ఇంగ్మార్ లాక్స్, హెన్రిక్ బ్లోమ్‌గ్రెన్‌లు 1990ల తొలినాళ్లలో ఒంటికి తెచ్చారు. తల కదలకుండా బిగించవచ్చు. ఊపిరితిత్తి ఊరుకోదు, ప్రతి శ్వాసకూ గడ్డ పైకీ కిందికీ కదులుతుంది. అందుకే ఇప్పుడు శ్వాసతో పాటు గడ్డ కదలికను కూడా పట్టే ఫోర్-డీ సీటీ తీసి ప్లాను వేస్తున్నారు, ప్రతి సిట్టింగుకు ముందు యంత్రం మీదే మళ్లీ స్కాన్ చేసి గడ్డ అనుకున్న చోటే ఉందో లేదో సరిచూస్తున్నారు. ఇంత కచ్చితత్వం వచ్చాక ఇంకా ప్రమాదమేమిటని అనిపించడం సహజమే.

ప్రమాదం గురి తప్పడంలో లేదు. గురి తప్పకపోయినా దెబ్బ తగిలే అవయవాలు గడ్డను ఆనుకుని ఉండటంలో ఉంది. ఊపిరితిత్తి అంచున కొంత కణజాలం మాడితే మిగతా భాగం ఆ పని చూసుకుంటుంది. చివరి పిల్లకాలువ పూడిపోతే ఒక మడి ఎండుతుంది, ప్రధాన కాలువకు గండి పడితే ఆయకట్టంతా ఎండుతుంది. నడుమ ఉండేవన్నీ ప్రధాన కాలువల్లాంటివే: శ్వాసనాళం, దాని రెండు పెద్ద కొమ్మలు, పుపుస ధమని, బృహద్ధమని, అన్నవాహిక, గుండె. కేన్సర్ గడ్డ వీటిలో దేనినో అంటుకుని ఉన్నప్పుడు గడ్డకు ఇచ్చే మోతాదులో చాలా భాగం ఆ గోడకూ పడుతుంది. ఎంత గొప్ప యంత్రమైనా రెండు మిల్లీమీటర్ల దూరంలో మోతాదును సున్నాకు దించలేదు. నెలలు గడిచాక ఆ గోడ మచ్చకట్టి ఇరుకైపోవచ్చు, అప్పుడు ఆ వైపు ఊపిరితిత్తి గాలి అందక ముడుచుకుంటుంది. గోడకు రంధ్రం పడవచ్చు. పక్కనున్న రక్తనాళం చిట్లి, రక్తం కక్కుకుని మనిషి నిమిషాల్లో చనిపోవచ్చు. ఈ చివరిది అరుదు, కానీ పాఠ్యపుస్తకంలోని ఊహ కాదు.

అది ఎంత నిజమో ఉత్తర యూరప్ దేశాల వైద్యులు చేసిన హిలుస్ పరిశోధన చూపించింది. ప్రధాన శ్వాసనాళాలకు ఒక్క సెంటీమీటరు లోపల గడ్డ ఉన్న 65 మందికి వాళ్లు ఎనిమిది సిట్టింగుల్లో 56 గ్రేలు ఇచ్చారు. ఇండియానాతో పోలిస్తే ఎంతో జాగ్రత్తగా ఎంచుకున్న మోతాదే అది. గడ్డ ఉన్నచోట రెండేళ్లకు 83 శాతం మందిలో కేన్సర్ అదుపులో ఉంది. కానీ చికిత్స వల్ల చనిపోయారని భావించినవాళ్లు పదిమంది, వారిలో ఎనిమిది మంది ఊపిరితిత్తుల్లో రక్తస్రావంతోనే పోయారు. 2021లో ఈ ఫలితాలు అచ్చయినప్పుడు రేడియేషన్ వైద్యుల లోకం ఉలిక్కిపడింది.

మరి మూడేళ్లకు, 2024లో, కెనడా నుంచి సన్‌సెట్ అనే పరిశోధన ఫలితం వచ్చింది. అక్కడి ఐదు కేంద్రాల్లో 30 మందికి, గడ్డ శ్వాసనాళానికో పెద్ద రక్తనాళానికో అన్నవాహికకో తాకేంత దగ్గరగా ఉన్నవాళ్లకు, ఎనిమిది సిట్టింగుల్లో 60 గ్రేలు ఇచ్చారు. హిలుస్ కంటే ఎక్కువ మోతాదు. తీవ్రమైన దుష్ప్రభావం వచ్చింది ఇద్దరికే, 6.7 శాతం. వారిలో ఒకరు చనిపోయారు.

తక్కువ మోతాదు ఇచ్చినచోట పదిమంది పోవడమేమిటి, ఎక్కువ ఇచ్చినచోట ఒక్కరే పోవడమేమిటి? సామాన్య పాఠకుడికి కూడా తెలియాల్సిన సంగతి ఇక్కడే ఉంది. రేడియేషన్ కాగితం మీద రాసే మోతాదు గడ్డ అంచుకు అందేది. గడ్డ లోపల మోతాదు అంతకంటే ఎక్కువ ఉంటుంది, ఎంత ఎక్కువ ఉండనివ్వాలన్నది ప్లాను వేసేవాళ్ల చేతిలో ఉంటుంది. హిలుస్‌లో గడ్డ అంచుకు 56 గ్రేలు పడితే నడుమ 84 గ్రేల వరకూ పోగలదు. సన్‌సెట్‌లో రాసిన మోతాదుకు 120 శాతం దాటనివ్వలేదు, అంటే 72 గ్రేలు. గడ్డ శ్వాసనాళం గోడను అంటుకుని ఉంటే లోపల మోతాదు ఎక్కువ పడే ఆ చోట్లలో ఏదో ఒకటి సరిగ్గా ఆ గోడ మీదే పడే అవకాశం ఉంది. రోగుల ఎంపికలో తేడాలున్నాయి, సన్‌సెట్ చిన్న పరిశోధన, 30 మంది అంకెల మీద ప్రపంచమంతా ఇల్లు కట్టుకోలేదు. అయినా దిశ స్పష్టంగానే ఉంది. 56 చిన్నది, 60 పెద్దది అని కాగితం మీది అంకెలు చూసి నిర్ణయించుకునే వ్యవహారం కాదిది.

సిట్టింగుల సంఖ్య సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్కో సిట్టింగులో ఇచ్చే మోతాదు పెరిగేకొద్దీ నిదానంగా దెబ్బ బయటపడే ఆరోగ్యమైన కణజాలం మీద భారం అంతకంటే వేగంగా పెరుగుతుంది. వైద్యులు దీనికి వాడే లెక్క ప్రకారం 60 గ్రేలను 30 సిట్టింగుల్లో ఇస్తే ఆ భారం 100. ఎనిమిది సిట్టింగుల్లో ఇస్తే 210. మూడు సిట్టింగుల్లో ఇస్తే 460. కేన్సర్ కణాల మీద పడే దెబ్బను అదే లెక్కలో చూస్తే వరసగా 72, 105, 180. ఈ దెబ్బ 100 దాటితే గడ్డ మళ్లీ లేవడం బాగా తగ్గుతుందని జపాన్ వైద్యులు తమ దేశంలోని ఎన్నో ఆసుపత్రుల రోగులను కలిపి చూసి 2004లోనే చెప్పారు. ఒక్కో సిట్టింగులో భారీ మోతాదు ఇచ్చినప్పుడు ఈ సూత్రం అంత కచ్చితంగా ఉండదు, నిజమే. కానీ ఎనిమిది సిట్టింగులతో గీత దాటుతోంది, ఆరోగ్యమైన కణజాలం మీది భారమేమో మూడు సిట్టింగుల భారంలో సగం కూడా లేదు. అలాంటప్పుడు నడిమి గడ్డకు మూడు సిట్టింగులు కోరుకోవడానికి వైద్యపరమైన కారణం ఒక్కటీ కనిపించదు.

ఐదు సిట్టింగుల సంగతిని అమెరికాలోని ఆర్‌టీఓజీ అనే పరిశోధన బృందం 0813 అనే పరీక్షలో చూసింది. మోతాదును సిట్టింగుకు పది గ్రేల నుంచి మెల్లగా పెంచుకుంటూ పన్నెండు దాకా వెళ్లారు. అంతపైన కూడా మొదటి ఏడాదిలో తట్టుకోలేని దుష్ప్రభావం వచ్చే అవకాశం 7.2 శాతమే అని తేలింది, రెండేళ్లకు 88 శాతం దాకా గడ్డ అదుపులో ఉంది. మొదటి ఏడాదిలో అన్న మాట గుర్తుపెట్టుకోదగ్గది. ఈ చికిత్సలో దెబ్బ ఏడాది దాటాక కూడా బయటపడగలదు. గడ్డ శ్వాసనాళాన్ని తాకకుండా కాస్త దూరంగా ఉన్నవాళ్లకు ఐదు సిట్టింగులు సరిపోవచ్చు. తాకుతూ ఉన్నవాళ్లకు ఎనిమిది, అవసరమైతే ఇంకా ఎక్కువ.

ఇంకా ఎక్కువ అంటే నామోషీ ఏమీ లేదు. కెనడాలోనే 233 మందితో చేసిన లస్టర్ పరిశోధన ఎస్‌బీఆర్‌టీని 15 సిట్టింగుల మామూలు పద్ధతితో పోల్చింది. మూడేళ్లకు గడ్డ అదుపులో ఉన్నది ఒకవైపు 87.6 శాతం, మరోవైపు 81.2 శాతం. ఈ తేడా కాకతాళీయం కాదని గట్టిగా చెప్పడానికి గణాంకశాస్త్రం ఒప్పుకోలేదు. గడ్డ మరీ ప్రమాదకరమైన చోట ఉంటే పదిహేను సిట్టింగుల పద్ధతి ఎంచుకున్న వైద్యుడిని పాతకాలం వాడని అనుకోనక్కర్లేదు. ఆయన రోగి పక్షాన ఆలోచించినవాడు కావచ్చు.

ఈ పరిశోధనలన్నీ ఎక్కడో జరిగాయి, మనకెందుకని అనుకోవడానికి లేదు. మన దగ్గర ఊపిరితిత్తుల కేన్సర్ ఎక్కువమందిలో ముదిరాకే బయటపడుతోంది. దగ్గూ రక్తమూ చూసి టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగినవాళ్లు ప్రతి కేన్సర్ ఆసుపత్రి వరండాలోనూ కనిపిస్తారు. అందువల్ల తొలిదశలో దొరికి ఎస్‌బీఆర్‌టీకి తగిన రోగులు తక్కువే. కానీ వేరే పనికి తీసిన సీటీ స్కాన్లలో చిన్న గడ్డలు బయటపడటం పెరుగుతోంది. ఇంకో చోటి కేన్సర్ నుంచి ఊపిరితిత్తికి ఒకటో రెండో గడ్డలు పాకినప్పుడు కూడా ఇప్పుడు ఈ చికిత్స చేస్తున్నారు. అలాంటి గడ్డలు నడుమ కూడా వస్తాయి. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ ఆసుపత్రుల్లో ఈ చికిత్స చేయగల యంత్రాలు ఉన్నాయి, వాటికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉంటుంది. మండలి యంత్రం భద్రతనూ సిబ్బంది అర్హతనూ చూస్తుంది. ఫలానా రోగి గడ్డకు ఎన్ని సిట్టింగులన్నది మాత్రం వైద్యుడు, మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్టు కలిసి తేల్చాల్సిందే.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం చెప్పాలి. కోత లేదు, నొప్పి లేదు, మూడు రోజుల్లో ఇంటికి అనే ధోరణిలో కేన్సర్ రేడియేషన్ ప్రకటనలు కనిపిస్తుంటాయి. అంచున ఉన్న గడ్డ విషయంలో ఆ మాటలో చాలా నిజం ఉంది. నడిమి గడ్డ ఉన్న మనిషి అదే ప్రకటన చదివి అదే ఆశతో వస్తాడు. వైద్యుడు ఎనిమిది సిట్టింగులంటే, ఫలానా చోట మూడింటిలో అయిపోతుందట కదా అని అడుగుతాడు. యంత్రం పేరునూ సిట్టింగుల తక్కువతనాన్నీ చూపించి రోగులను పిలవడం ఆపాలి. సైబర్‌నైఫ్ అయినా ట్రూబీమ్ అయినా, గడ్డకూ శ్వాసనాళానికీ మధ్యనున్న దూరాన్ని పెంచలేవు.

ప్రయాణ భారం మాత్రం నిజమైన కష్టమే, దాన్ని చిన్నది చేసి మాట్లాడటం అన్యాయం. రోజు విడిచి రోజు ఎనిమిది సిట్టింగులంటే రెండున్నర వారాలు. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన కుటుంబానికి అన్ని రోజులు నగరంలో గది అద్దె, తిండి, తోడున్న మనిషికి పోయిన కూలి. ఈ లెక్కలే మనసులో పెట్టుకుని కుటుంబం తక్కువ సిట్టింగుల వైపు మొగ్గుతుంది. ఆరోగ్య పథకాలు చికిత్స ప్యాకేజీ చూసుకుంటాయి సరే, బస సంగతి కూడా చూసుకోవాలి. ఆసుపత్రి పక్కనే తక్కువ ఖర్చుతో ఉండే వసతి దొరికితే, సురక్షితమైన చికిత్సను పేదవాడు వదులుకోవాల్సిన పని ఉండదు. దీనికి కొత్త యంత్రం కొనే ఖర్చులో చిన్న భాగం చాలు.

రోగి ఇంటివాళ్లు డాక్టరును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. గడ్డ శ్వాసనాళానికి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంది, లేదా తాకుతోందా? గడ్డ శ్వాసనాళం లోపలికి చొచ్చుకుపోయిందా? మొత్తం ఎన్ని గ్రేలు, ఎన్ని సిట్టింగులు? గడ్డలో ఎక్కువలో ఎక్కువ మోతాదు ఎంత, శ్వాసనాళం గోడకు పడేది ఎంత? మంచి వైద్యుడికి ఈ ప్రశ్నలు చికాకు తెప్పించవు, జవాబులన్నీ ఆయన కంప్యూటరు మీది ప్లానులోనే ఉంటాయి. అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు ఈ జవాబులన్నీ అందులోనే తెలుగులో రాసి ఇవ్వాలని ఆసుపత్రులు నియమం పెట్టుకోవచ్చు.

భయపడి చికిత్సనే మానుకోవడం మాత్రం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. నడుమ ఉన్న గడ్డను ఆపరేషన్‌తో తీయాలంటే కొందరికి ఒక ఊపిరితిత్తి మొత్తం తీసేయాల్సి వస్తుంది, బలహీనులకు అది సాధ్యం కాదు. చికిత్స లేకుండా వదిలేస్తే అదే గడ్డ పెరిగి అదే శ్వాసనాళాన్ని మూసేస్తుంది, అదే రక్తనాళాన్ని కొరుకుతుంది. హిలుస్‌లో కూడా చాలామందిలో గడ్డ అదుపులోకి వచ్చింది. జాగ్రత్తగా చేస్తే ఈ చికిత్స పనిచేస్తుందని సన్‌సెట్ చూపించింది.

చివరి సిట్టింగు అయ్యాక వైద్యం కూడా అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోవడం మన దగ్గర ఎక్కువ. ఇక్కడే చాలా ముప్పు పొంచి ఉంటుంది. ఎనిమిది నెలల తర్వాత రోగికి దగ్గులో రక్తం పడితే, ఊళ్లో డాక్టరు మళ్లీ టీబీ పరీక్ష రాస్తాడు. పట్నంలో ఇంకొకరు శ్వాసనాళంలోకి గొట్టం వేసి, వాచిన చోటు చూసి చిన్న ముక్క తీయబోతారు. రేడియేషన్ తగిలి పల్చబడ్డ గోడ నుంచి ముక్క తీయడమంటే రక్తస్రావాన్ని పిలవడమే. కేన్సర్ ఇంకోచోట కనిపించిందని కొత్త వైద్యుడు బెవాసిజుమాబ్ అనే కేన్సర్ మందు మొదలుపెడితే, గుండె వైద్యుడు రక్తం పల్చబరిచే మందు రాస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. వీళ్లెవరికీ దురుద్దేశం లేదు, వాళ్లకు తెలియదంతే.

అందుకే డిశ్చార్జి కాగితంలో పెద్ద అక్షరాలతో ఉండాల్సినవి: నడిమి ఊపిరితిత్తికి ఫలానా నెలలో ఇన్ని గ్రేలు ఇన్ని సిట్టింగుల్లో ఇచ్చాం, గడ్డ ఫలానా శ్వాసనాళానికి ఇంత దూరంలో ఉండేది, మమ్మల్ని అడగకుండా ఆ చోటి నుంచి ముక్క తీయవద్దు, బెవాసిజుమాబ్ లాంటి మందులు మొదలుపెట్టవద్దు. ఆ కాగితం ఫొటో ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి, రాత్రిపూట రక్తం పడితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కూడా దాని మీదే ఉండాలి.